ఓమందూరు రైతు - మద్రాసు రాష్ట్ర ప్రధాని

చెన్నైలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ‘ఓమందూరార్’ అన్న మాట కొత్తది కాదు. ఇప్పుడు అణ్ణా సాలై అంటున్న పాత మౌంట్ రోడ్డు మీద, ఓమందూరార్ ప్రభుత్వ ఎస్టేట్ ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్ళి ఉంటాము. అక్కడున్న పెద్ద కట్టడం 2010లో కొత్త శాసనసభా భవనంగా ప్రారంభమైంది. తరువాత 2014లో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిగా మారింది. పేరు అందరికీ తెలుసు. కాని ఆ పేరు ఎవరిదమ్మా అని పిల్లలు అడిగితే వెంటనే చెప్పగలవారు మనలో ఎందరున్నారు?

ఓమందూరార్ అంటే ఓమందూరు వారు. తమిళనాట పెద్దమనిషిని పేరుపెట్టి పిలవకుండా ఊరిపేరుతో గౌరవంగా చెప్పుకునే అలవాటు ఉన్నది. ఆ ఊరి వారిలో అంతటి గౌరవం పొందినవారు ఓ.పి. రామస్వామి రెడ్డియార్. వృత్తి వ్యవసాయం. ఇంటి భాష తెలుగు. 1947 మార్చి 23 నుంచి 1949 ఏప్రిల్ 6 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ప్రధాని. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున శ్రీకాకుళం సీమ నుంచి మలబారు దాకా వ్యాపించిన ఆ పెద్ద రాష్ట్రాన్ని నడిపిస్తున్నది ఈ రైతే. 1935 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాధినేతను అప్పట్లో ప్రధాని అనేవారు. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 నుంచి ఆ పదవే ముఖ్యమంత్రి పదవి అయింది.

రెండేళ్ళు పదవిలో ఉండి, చేయదలచినది చేసి, పంట కోసిన చేను గట్టు మీదికి ఎక్కినట్టు నింపాదిగా పక్కకు తప్పుకున్న మనిషి కథ ఇది. మన పిల్లలకు చెప్పవలసిన కథ.

పేరులోనే రెండు భాషలు

రెడ్డియార్ అన్న మాటను కాస్త విడదీసి చూడండి. రెడ్డి మన తెలుగు మాట. దానికి తమిళంలో గౌరవాన్ని తెలిపే ‘ఆర్’ చేరింది. మనం ‘గారు’ అన్నట్టే వారు ‘ఆర్’ అంటారు. ఒక కుటుంబం తెలుగునేల నుంచి వచ్చి తమిళనేలలో వేళ్ళూనుకున్న చరిత్ర అంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత నాయకరాజుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు ఎన్నో దక్షిణానికి తరలి వచ్చాయి. వారిలో సేద్యం తెలిసినవారు చెరువుల కింద, మెట్ట భూముల్లో స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం. ఇలా తరాలు గడిచాయి.

తిండివనం దగ్గరి ఓమందూరు అటువంటి పల్లె. ఈనాడు విళుప్పురం జిల్లాలో ఉన్నది, ఆనాడు దక్షిణ ఆర్కాటు జిల్లా. ఆ జిల్లా సేద్యం సంగతి అక్కడి మనవారికి తెలిసినదే. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి, మెట్టలో వేరుశనగ. కావేరి పారే తంజావూరు వంటి సీమ కాదది. ఆకాశం వంక చూసి, చెరువు తూము వంక చూసి, అప్పు లెక్క చూసుకుని బతికే రైతుల సీమ.

రామస్వామి రెడ్డియార్ 1895 ఫిబ్రవరి 1న అక్కడి ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. తిండివనంలో వాల్టర్ స్కడ్డర్ పాఠశాలలో చదువుకున్నారు. ఆనాటి మద్రాసు రాజకీయాల్లో పేరున్నవారిలో ఎక్కువమంది న్యాయవాదులు. రాజాజీ న్యాయవాది. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారు బారిస్టరు. సుబ్బరాయన్ గారు న్యాయవాదే కాదు, జమీందారు కూడా. వారి నడుమ రెడ్డియార్ గారికి చెప్పుకోవడానికి పట్టా పుస్తకం తప్ప ఏ పట్టమూ లేదు.

గాంధీ మహాత్ముని పిలుపు ఆయనను కాంగ్రెసులోకి తెచ్చింది. దక్షిణ ఆర్కాటు జిల్లాలో కాంగ్రెసు పనికి ఆయన పెద్దదిక్కు అయ్యారు. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు, జైలు చూశారు. ఖద్దరు కట్టారు. మరోవైపు తిరువణ్ణామలైలోని రమణ మహర్షి మీద, వడలూరు రామలింగ స్వామి బోధల మీద ఆయనకు గాఢమైన భక్తి. ఆయన తరువాతి జీవితంలో తీసుకున్న నిర్ణయాలకు మూలం ఈ భక్తిలో చాలావరకు కనిపిస్తుంది.

వద్దంటే వచ్చిన పదవి

1946 ఎన్నికల తరువాత మద్రాసు రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు ప్రధాని అయ్యారు. గాంధీజీ రాజాజీ వైపు మొగ్గు చూపినా, సభ్యులు ప్రకాశంగారిని ఎన్నుకున్నారు. కాని ఆ మంత్రివర్గం పదకొండు నెలలే నిలిచింది. కాంగ్రెసు పక్షంలోని ముఠాలు, తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షుడు కామరాజుతో పొసగకపోవడం, పంతులుగారు ఎవరి మాటా వినరన్న ఫిర్యాదు, ఇవన్నీ కలిసి ఆయనను దించాయి. ఆ స్థానానికి ఎవరు? ముఠాలలో ముందు వరుసన ఉన్నవారిలో ఒకరిని ఎంచుకుంటే మరొకరు ఊరుకోరు. ఆ చిక్కులో అందరి చూపూ పదవి అడగని ఓమందూరు రైతు మీదికి మళ్ళింది.

ఆయన వెంటనే ఒప్పుకోలేదనీ, రమణ మహర్షి సన్నిధికి వెళ్ళి వచ్చాకే సరేనన్నారనీ చెప్పుకుంటారు. ఏది ఏమైనా 1947 మార్చి 23న ఆయన ప్రమాణ స్వీకారం చేశారు.

ఆ మంత్రివర్గాన్ని చూస్తే ఆనాటి రాష్ట్రం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఆర్థికశాఖ నెల్లూరు సీమకు చెందిన బెజవాడ గోపాలరెడ్డిగారిది. రెవెన్యూ గోదావరి సీమ నుంచి వచ్చిన కళా వెంకటరావుగారిది. హరిజనోద్ధరణ వేముల కూర్మయ్యగారిది. బళ్ళారి నుంచి హెచ్. సీతారామరెడ్డిగారు, కోయంబత్తూరు నుంచి విద్యామంత్రిగా అవినాశలింగం చెట్టియారుగారు, మలబారు నుంచి మాధవ మేనన్ గారు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, ఇన్ని భాషలవారు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న ప్రభుత్వం. ఆ బల్లకు పెద్దగా కూర్చున్నవారు ఇంట్లో తెలుగు, ఊళ్ళో తమిళం మాట్లాడే మనిషి. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న బళ్ళారి తెలుగువారి తాతలు, ఇప్పుడు తమిళనాట ఉన్న మన తాతలు అప్పుడు ఒకే రాష్ట్ర పౌరులు. గంజాం తెలుగువారు సైతం 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా ఇదే రాష్ట్రంలో ఉన్నవారు.

జమీందారీకి చెల్లుచీటీ

రెడ్డియార్ ప్రభుత్వం చేసిన పనుల్లో రైతు చేతివ్రాలు కనిపించేది జమీందారీ రద్దు. ఈ సంగతి మన పిల్లలకు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

1802లో తూర్పు ఇండియా కంపెనీ మద్రాసు రాజధానిలో శాశ్వత కౌలు నిబంధన తెచ్చింది. జమీందారు ప్రభుత్వానికి ఏటా ఒక స్థిరమైన పేష్కషు కట్టాలి. రైతుల నుంచి ఎంత వసూలు చేసుకుంటాడన్నది అతని ఇష్టానికి దగ్గరగా ఉండేది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి, కాళహస్తి, తమిళనాట రామనాథపురం, శివగంగ, ఇలా ఎన్నో సంస్థానాలు, ఎస్టేట్లు. తక్కిన ప్రాంతాల్లో రైతువారీ పద్ధతి. అక్కడ రైతే పట్టాదారు, శిస్తు నేరుగా సర్కారుకు కడతాడు. ఓమందూరు ఉన్న దక్షిణ ఆర్కాటులో ఎక్కువగా ఉన్నది ఈ రెండో పద్ధతే.

పక్కపక్కనే రెండు చేలు, ఒకే నేల, ఒకే వాన. గట్టుకు ఇటువైపు రైతువారీ, అటువైపు ఎస్టేటు. అటువైపు రైతు కట్టే పన్ను ఇటువైపు వాడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం సాగు హక్కును కొంత కాపాడింది గాని పన్ను భారం తగ్గించలేదు. 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచింది. అప్పుడు రెవెన్యూ మంత్రిగా ఉన్న ప్రకాశంగారి ఆధ్వర్యంలో ఒక సంఘం ఎస్టేట్ల పరిస్థితిని విచారించి 1938లో నివేదిక ఇచ్చింది. 1939లో ఆ ప్రభుత్వం రాజీనామా చేయడంతో నివేదిక అలాగే ఉండిపోయింది.

ఆ పాత ఫైలుకు చేతల రూపం ఇచ్చినది రెడ్డియార్ ప్రభుత్వం. ముందుగా 1947లో పన్ను తగ్గింపు చట్టం తెచ్చారు. ఎస్టేటు గ్రామంలో రైతు కట్టే పన్నును చుట్టుపక్కల రైతువారీ గ్రామాల శిస్తు స్థాయికి దించడం దాని సారాంశం. గట్టుకు ఇటూ అటూ ఒకటే ధర అన్నమాట. ఆ తరువాత 1948లో ఎస్టేట్ల రద్దు, రైతువారీ మార్పు చట్టం. ఎస్టేటు ప్రభుత్వపరం అవుతుంది, రైతుకు పట్టా వస్తుంది, చెరువులు, అడవులు, పోరంబోకు భూములు సర్కారు కిందికి వస్తాయి. జమీందారుకు నష్టపరిహారం ఎలా అన్న చిక్కు వచ్చింది. ఎస్టేటు నుంచి వచ్చే వార్షికాదాయాన్ని చట్టంలో చెప్పిన పద్ధతిలో లెక్కగట్టి, పెద్ద ఎస్టేట్లకు దానికి పన్నెండున్నర రెట్లు, చిన్నవాటికి మెట్లు మెట్లుగా పెంచుతూ ముప్పై రెట్ల దాకా ఇచ్చేట్టు ఏర్పాటు చేశారు. పెద్దవాడికి తక్కువ రెట్లు, చిన్నవాడికి ఎక్కువ రెట్లు. లెక్క తెలిసిన పద్ధతి అది.

1949 ఏప్రిల్‌లో చట్టానికి ఆమోదం లభించి ప్రకటన వెలువడేసరికి రెడ్డియార్ గారు పదవి వదులుతున్నారు. దాని అమలు తరువాతి ప్రభుత్వాల చేతి మీదుగా సాగింది. విత్తిన చేయి ఒకటి, కోసిన చేయి ఒకటి. కోస్తా జిల్లాల్లో నేడు పట్టా పుస్తకం చేతబట్టిన ఎన్నో కుటుంబాలకు ఆ హక్కు ఈ చట్టం ద్వారా వచ్చినదే.

గుడి తలుపు, మద్యం దుకాణం

రెడ్డియార్ గారు పరమ భక్తులు. ఆ భక్తే ఆయన చేత గుడి తలుపులు తెరిపించింది. 1947లో వచ్చిన ఆలయ ప్రవేశ చట్టం మద్రాసు రాష్ట్రంలోని హిందూ దేవాలయాల్లోకి హరిజనులు ప్రవేశించి పూజలు చేసుకునే హక్కును రాష్ట్రమంతటా స్థిరపరచింది. 1939లో మదురై మీనాక్షి ఆలయంలో వైద్యనాథ అయ్యర్ గారి చొరవతో మొదలైన మార్పు ఈ చట్టంతో ఊరూరికీ చేరవలసిన హక్కు అయింది. అదే ఏడు చట్టసభ దేవదాసీ నిషేధ చట్టాన్నీ ఆమోదించింది. ఆడపిల్లను దేవునికి ‘అంకితం’ చేసే ఆచారం నేరమైంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారు 1920లలో శాసనమండలిలో మొదలుపెట్టిన పోరాటం ఇరవై ఏళ్ళకు ఇలా గట్టెక్కింది.

ఈ మార్పులన్నీ చూసి సంప్రదాయవాదులకు కోపం వచ్చింది. ‘గడ్డం లేని రామస్వామి’ అని ఆయనకు ఒక ఎత్తిపొడుపు పేరు పెట్టారట. గడ్డమున్న రామస్వామి అంటే పెరియార్ ఇ.వి. రామస్వామి నాయకర్ గారని వేరే చెప్పనక్కరలేదు. ఒకరు దేవుడే లేడన్నవారు, మరొకరు రమణ మహర్షికి మొక్కేవారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టారంటే ఈ రైతు ప్రధాని ఎంత గట్టిగా నిలబడి ఉంటారో ఊహించుకోవచ్చును.

కొలువుల్లో, కళాశాల ప్రవేశాల్లో కులాల వారీ వాటాల విషయమూ ఇటువంటిదే. అంతకుముందు పన్నెండు స్థానాల వరుసలో పంచే పద్ధతి ఉండేది. 1947 నవంబరులో దానిని పద్నాలుగు స్థానాలకు మార్చారు. బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, క్రైస్తవులకు, ఆంగ్లో ఇండియన్లకు కలిపి ఒకటి, ముస్లిములకు ఒకటి. వెనుకబడిన కులాలకు వేరుగా వాటా చూపడం ఆ వరుసలో కొత్త సంగతి. 1951లో సుప్రీం కోర్టు ఈ ఉత్తర్వును కొట్టివేసింది. దాని పర్యవసానంగా పార్లమెంటు అదే సంవత్సరం రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. అంతదూరం వెళ్ళిన వివాదానికి మూలం మద్రాసు సచివాలయపు ఈ ఉత్తర్వే. రెడ్డియార్ గారు రాజ్యాంగ సభలోనూ సభ్యులుగా ఉన్నారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

మద్యనిషేధాన్ని 1937లో రాజాజీ సేలం జిల్లాతో ప్రారంభించారు. కల్లు, సారా మీద వచ్చే రాబడి పోతే ఖజానాకు గండి పడుతుందని, ఆ గండి పూడ్చడానికే 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. రెడ్డియార్ ప్రభుత్వం జిల్లాలవారీగా నిషేధాన్ని విస్తరిస్తూ, 1948 అక్టోబరు 2న గాంధీ జయంతి నాటికి రాష్ట్రమంతటికీ వర్తింపజేసింది. మహాత్ముడు పోయిన తరువాత వచ్చిన తొలి జయంతి అది.

తెలుగింటి మనిషి, తమిళ కవి

మన వంటి కుటుంబాలకు ఎక్కువ ఆలోచన కలిగించే ఘట్టం ఇది. సుబ్రహ్మణ్య భారతి 1921లో పేదరికంలో కన్నుమూశారు. ఆయన రచనల హక్కులు చేతులు మారి, చివరకు పాటల హక్కు సినీ నిర్మాత ఎ.వి. మెయ్యప్పన్ గారి దగ్గర ఉన్నది. ఒక మహాకవి పాట పాడుకోవడానికి అనుమతి అడగవలసిన పరిస్థితి. భారతి పాటలు ప్రజల సొత్తు కావాలని తమిళ రచయితలు ఆందోళన చేశారు. 1949లో రెడ్డియార్ ప్రభుత్వం ఆ హక్కులను తీసుకున్నది. ఒక కవి రచనలను ప్రభుత్వం తీసుకుని ప్రజలపరం చేయడం మన దేశంలో అపురూపమైన సంఘటన.

ఆ పని జరిగిన సమయాన ప్రభుత్వాధినేత తెలుగు మాట్లాడే ఇంటివాడు. తమిళులు దానిని వింతగా చూడలేదు, ఆయనా చూడలేదు. ఉన్న నేలను తన నేల అనుకున్నవాడికి ఆ నేల కవి పరాయివాడు ఎలా అవుతాడు? ఇంటి భాషను వదులుకుంటేనే ఊరివారు మనల్ని తమవారు అనుకుంటారన్న భయం మనలో కొందరికి ఉన్నది. ఊరి భాష నేర్చుకుంటే తెలుగుతనం పోతుందన్న భయం మరికొందరిది. రెండు భయాలకూ ఓమందూరు నుంచి జవాబు ఉన్నది.

ఇదే కాలంలో తెలుగు జిల్లాల సరిహద్దున నిజాం రాజ్యంలో రజాకార్ల దౌర్జన్యాలు పెరిగాయి. కృష్ణా, కర్నూలు వంటి జిల్లాలకు శరణార్థులు తరలి వచ్చారు. 1948 సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. అంతవరకూ ఆ సరిహద్దు జిల్లాల భారం మద్రాసు ప్రభుత్వం మీదనే ఉన్నది.

మచ్చలు లేవనలేము

గొప్పవారి గురించి రాసేటప్పుడు మంచే రాయడం మనకు అలవాటు. అది ఆయనకే నచ్చదేమో. ఆ రెండేళ్ళలో శాంతిభద్రతల పేరిట తెచ్చిన చట్టం కింద కమ్యూనిస్టులను, రైతు, కూలి సంఘాల కార్యకర్తలను విచారణ లేకుండా నిర్బంధించారు. ఆంధ్ర జిల్లాల్లో, మలబారులో పోలీసు చర్యలు కఠినంగా సాగాయి. రైతు ప్రభుత్వం రైతు సంఘాలవారిని జైల్లో పెట్టిందన్న విమర్శ అప్పుడూ ఉన్నది, ఇప్పుడూ చరిత్రలో ఉన్నది.

హిందీ విషయమూ అంతే. 1948లో ఆయన ప్రభుత్వం పాఠశాలల్లో హిందీని ప్రవేశపెట్టినప్పుడు తమిళ జిల్లాల్లో పెరియార్, అణ్ణాదురై గార్ల నాయకత్వాన పెద్ద ఆందోళన నడిచింది. భారతి పాటలను ప్రజలకిచ్చిన ప్రభుత్వమే తమిళుల మనసు నొప్పించింది కూడా. ఒకే మనిషి పాలనలో ఈ రెండూ జరిగాయి. పిల్లలకు చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి.

గట్టు దాటి నడిచిన రైతు

పదవి ఎందుకు పోయింది? అవినీతి ఆరోపణ వల్ల కాదు, ఎన్నికల్లో ఓడి కాదు. శాసనసభ్యుల సిఫార్సులను లెక్కచేయడం లేదన్నది సొంత పక్షంలోనే ఆయన మీద వచ్చిన ముఖ్యమైన ఫిర్యాదు. సభ్యుడు చెప్పాడు గనుక ఉద్యోగం, సభ్యుడు అడిగాడు గనుక బదిలీ, ఈ పద్ధతి ఆయనకు గిట్టలేదు. చట్టసభ సభ్యుడి పని చట్టం చేయడం, అధికారి పని దానిని అమలుపరచడం, ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరాదు అన్నది ఆయన పట్టుదల. దాని ఫలితం ఎలా ఉంటుందో ఈనాటి రాజకీయం చూసే మనకు వేరే చెప్పనక్కరలేదు. పక్షంలో అసంతృప్తి పెరిగింది. ఆయన ముఠా కట్టుకోలేదు, ఢిల్లీ చుట్టూ తిరగలేదు. 1949 ఏప్రిల్ 6న తప్పుకున్నారు.

ఆయన తరువాత వచ్చినవారు రాజపాళయం పి.ఎస్. కుమారస్వామి రాజాగారు. ఆయన ఇంటి భాషా తెలుగే. ప్రకాశంగారు, రెడ్డియార్ గారు, రాజాగారు, ఇలా 1946 నుంచి 1952 దాకా వరుసగా ముగ్గురు తెలుగింటివారు మద్రాసు రాష్ట్రాన్ని పాలించారన్నమాట. రాజాగారు 1954 నుంచి 1956 వరకు ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు గనుక బరంపురం, కటకం తెలుగువారికి కూడా ఆయన పేరు తెలిసి ఉండాలి.

పదవి దిగినవారు మళ్ళీ పదవి కోసం ఎదురుచూడడం లోకరీతి. రెడ్డియార్ గారు వడలూరు దారి పట్టారు. అక్కడ రామలింగ స్వామి 1867లో సత్య ధర్మశాల నెలకొల్పి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం మొదలుపెట్టారు. ఆనాడు వెలిగించిన పొయ్యి నేటికీ ఆరలేదని ప్రతీతి. కులం అడగకుండా అన్నం పెట్టడమే ఆ మతం. రెడ్డియార్ గారు అక్కడ శుద్ధ సన్మార్గ నిలయం స్థాపించి, దిక్కులేని పిల్లలకు ఆశ్రయం, చదువు కల్పించే పనిలో తక్కిన జీవితం గడిపారు. మంత్రుల చుట్టూ తిరిగే మనుషులకు బదులు ఆయన చుట్టూ అనాథ పిల్లలు. రెండేళ్ళు రాష్ట్రానికి పెద్దగా ఉన్న మనిషి ఇరవై ఏళ్ళు ఆ పిల్లలకు పెద్దగా ఉన్నారు. 1970 ఆగస్టు 25న, డెబ్బై అయిదేళ్ళ వయసులో కన్నుమూశారు.

రైతు దగ్గర నేర్చుకోవలసినది

సేద్యం తెలిసినవాడికి రెండు సంగతులు బాగా తెలుస్తాయి. ఒకటి, నేల ఎప్పటికీ మన సొంతం కాదు, మన తరువాత మరొకరు దున్నుతారు, కాబట్టి సారం చెడకుండా అప్పజెప్పాలి. రెండు, అదను దాటాక పొలంలో నిలబడి ప్రయోజనం లేదు. రెడ్డియార్ గారు పదవిని కౌలుకు తీసుకున్న చేనులా చూశారు. ఉన్నన్నాళ్ళు ఒళ్ళు వంచి పనిచేశారు, గడువు తీరగానే గట్టెక్కారు. జమీందారీ రద్దు, గుడి తలుపులు, భారతి పాటలు, ఏ ఒక్కటీ తన పేరు మీద పట్టా చేసుకోలేదు. అందుకేనేమో ఆ పనులు నిలిచాయి, చేసిన మనిషి పేరు మరుగున పడింది.

మన తెలుగు కుటుంబాలలో చట్టసభలకు వెళ్ళినవారు ఉన్నారు, వెళ్ళాలనుకునే యువకులూ ఉన్నారు. వారు చదవవలసిన జీవితం ఇది. మన సంఖ్య తక్కువ, మన మాట ఎవరు వింటారు అని నిరుత్సాహపడే వారికి కూడా ఇది పనికివస్తుంది. ఓమందూరు రైతు తెలుగువారి ఓట్లు లెక్కపెట్టుకుని ప్రధాని కాలేదు. ఊరందరి మనిషి అనిపించుకున్నారు గనుక అయ్యారు.

సెలవుల్లో చెన్నై నుంచి పుదుచ్చేరికి వెళ్ళే కుటుంబాలు తిండివనం దగ్గర కాస్త దారి మార్చుకుంటే ఓమందూరులో ఆయన స్మారక మణిమండపం చూడవచ్చును. నైవేలి, చిదంబరం వైపు వెళ్ళేవారు వడలూరులో ఆగండి. తైపూసం నాడు జ్యోతి దర్శనానికి లక్షలాది జనం వచ్చే చోటు అది. మామూలు రోజుల్లో వెళితే ధర్మశాలలో పంక్తిలో కూర్చుని అన్నం తినవచ్చును. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఊరికి వచ్చి స్థిరపడిన ఒక తెలుగింటి రైతు కథ చెప్పండి. తెలుగులోనే చెప్పండి.